కడుపు జ్వరం, నోటి జ్వరం

మా గ్యుమ్రి ఊళ్ళో ఆ జబ్బుని ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. డాక్టర్లు రాసే పేరులో మధ్యధరా సముద్రం ఉంటుంది. మాకు సముద్రమే లేదు. అందుకని "మన జబ్బు" అంటాం. "మా పెద్దవాడికి మన జబ్బే" అని ఒకావిడ అంటే, పక్కావిడ "కడుపా, రొమ్మా?" అని అడుగుతుంది. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. జ్వరం మండిపోతుంది. కడుపో, పక్కటెముకలో, మడమో ముట్టుకోనివ్వదు. రెండు రోజులకి ఎలా వచ్చిందో అలాగే వెళ్ళిపోతుంది. క్రిమి ఏదీ ఉండదు. "ఒంట్లో కాపలావాళ్ళే దొంగ వచ్చాడనుకుని లేచి, చీకట్లో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటారమ్మా" అని వార్సెనిక్ డాక్టరమ్మ చెప్పేది.

ఆవిడ మా పేట పిల్లల డాక్టరు. పొట్టి మనిషి. తెల్లకోటు మీద చనిపోయిన భర్త తాలూకు పాత ఉన్నికోటు వేసుకునేది. కళ్ళజోడుకి ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకుంది. ఆ దారం రంగు మారేది గాని కాడ మాత్రం ఎప్పుడూ రాలేదు. స్టెతస్కోపు చల్లగా తగులుతుందని, పిల్లల గుండె మీద పెట్టే ముందు దాన్ని తన చంకలో పెట్టుకుని వెచ్చబరిచేది. ఆ కాసేపూ కబుర్లు చెప్పించేది. మాకు అది వైద్యం అని తెలిసేది కాదు.

భూకంపంలో ఆసుపత్రి కూలిపోయాక ఆవిడకి ఒక రేకుల గది ఇచ్చారు. మేమంతా ఉండేది కూడా అలాంటి వాటిలోనే. దోమిక్ అనేవాళ్ళం. రెండేళ్ళలో పక్కా ఇళ్ళు వస్తాయన్నారు. నేను బడి ముగించేదాకా రాలేదు. ఆవిడ గదిలో కట్టెల పొయ్యి, ఒక బల్ల, కిటికీ గట్టు మీద స్పిరిటు దీపం, పక్కన వెనిగర్ సీసా. వచ్చిన ప్రతి పిల్లా ముందు మూత్రం పట్టి ఇవ్వాలి. ఆవిడ దాన్ని గాజుగొట్టంలో పోసి, దీపం మీద కాచి, రెండు చుక్కలు వెనిగర్ వేసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకునేది. తేటగా ఉంటే "మంచి నీళ్ళలా ఉందే, శభాష్!" అని మెచ్చుకునేది, అదేదో మేం కష్టపడి చేసిన పనిలాగా. పాలలా విరిగితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఆ గొట్టం వైపు చూసే చూపు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ క్షణంలో గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

ఆవిడ పంతొమ్మిదివందల ముప్పైఎనిమిదిలో ఈ ఊళ్ళోనే పుట్టింది. అన్న జావెన్ ఇరవైఒకటో ఏట పోయాడు. దాని గురించి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో చెప్పిన రోజు గురించి తర్వాత రాస్తాను. అన్న పోయిన మరుసటి ఏడాది రాజధాని యెరెవాన్ వెళ్ళి వైద్యం చదివింది, తిరిగి వచ్చింది, బళ్ళో చరిత్ర చెప్పే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. పదిహేనేళ్ళ పాటు మన జబ్బు పిల్లలకి వేడినీళ్ళ సంచీ, ఓదార్పు మాటలు తప్ప ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఏమీ లేవు. తర్వాత కోల్చిసిన్ మాత్ర వచ్చింది. ఒక పువ్వు దుంప నుంచి తీసే మందు. రోజూ వేసుకుంటే జ్వరం రాకుండా ఆపుతుంది, మూత్రపిండాలు చెడిపోకుండా కాపాడుతుంది. "ఆ పువ్వు చుట్టాలు మన కొండల మీద పూస్తాయి తెలుసా? మేం చిన్నప్పుడు వాటి మీద పడి దొర్లేవాళ్ళం" అనేది, నవ్వు కాని నవ్వు ఒకటి నవ్వి.

ఎనభైఎనిమిది డిసెంబరులో భూమి కదిలినప్పుడు బడితో పాటు భర్త పోయాడు. ఆసుపత్రితో పాటు నాలుగు వందల మంది పిల్లల కాగితాలు పోయాయి. ఎవరికి ఏ వయసులో మొదలైంది, ఎవరికి ఎన్ని మాత్రలు, ఎవరి మూత్రం ఎప్పుడు మబ్బుపట్టింది, అంతా రాళ్ళ కింద. ఆ చలికాలం గడవగానే ఆవిడ బడిపిల్లల నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని రేకుల గది రేకుల గదికీ తిరిగింది. తలుపు తట్టి "మీ వాడు ఉన్నాడా?" అని అడగాలి. కొన్ని ఇళ్ళలో గోడ మీది ఫొటో చూపించేవాళ్ళు. అక్కడ కూర్చునేది, టీ తాగేది, లేచేది. రెండేళ్ళలో రెండు వందల డెబ్బై పేర్లు మళ్ళీ రాసింది. ఆ పుస్తకాల్లో నా పేరు లేదు, నేను అప్పుడే పుట్టాను.

నాకు నాలుగేళ్ళప్పుడు, ఊరంతా కరెంటు లేక వణుకుతున్న ఆ చలికాలంలో, ఒక పొద్దున కడుపు పట్టుకుని అరిచాను. నాన్న గెఘామ్ రాళ్ళు చెక్కే పనివాడు. నన్ను కోటులో చుట్టి ఎత్తుకుని కొత్త ఆసుపత్రికి పరుగెత్తాడు. సర్జను కడుపు నొక్కి చూసి "చెక్కలా బిగుసుకుపోయింది, అపెండిక్స్. కోసేద్దాం" అన్నాడు. మధ్యాహ్నానికి బల్ల సిద్ధం చేశారు. ఈలోగా నానమ్మ షోఘిక్ వెళ్ళి వార్సెనిక్ డాక్టరమ్మని లాక్కొచ్చింది. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు.

ఆవిడ వచ్చి నా కడుపు ముట్టుకోలేదు. ముందు అమ్మని అడిగింది.

"క్నారిక్, దీనికి ఇలా ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చింది?"

"ఈ మూడు నెలల్లో మూడు సార్లు డాక్టరమ్మా. కానీ ఇంత గట్టిగా కాదు."

"తగ్గాక?"

"తగ్గాక ఏముంది, మర్నాడే గంతులు."

"ఇంట్లో ఇంకెవరికైనా?"

నానమ్మ నేల చూస్తూ, "నా కూతురికి ఉండేది. పెళ్ళి కావాల్సిన పిల్ల కదా అని ఎవరికీ చెప్పలేదు" అంది.

డాక్టరమ్మ సర్జను వైపు తిరిగింది. "ఆరు గంటలు నాకివ్వండి. నేనిక్కడే కూర్చుంటాను. ఏమాత్రం తేడా వచ్చినా నేనే ఎత్తుకొచ్చి మీ బల్ల మీద పడుకోబెడతాను."

"పగిలితే ఎవరు జవాబు చెప్తారు?"

"నేను. రాసిస్తాను, కాగితం ఇవ్వండి."

రాసిచ్చింది. గంటగంటకీ కడుపు చూసింది, రెండుసార్లు రక్తం పరీక్ష చేయించింది. ఆరు గంటలు కాస్తా పది గంటలయ్యాయి. మర్నాడు మధ్యాహ్నానికి నేను మంచం దిగి లవాష్ రొట్టె, జున్ను అడిగాను. సర్జను గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడట. ఆ తర్వాత అలాంటి పిల్లలు ఎవరొచ్చినా కోసే ముందు ఆవిడకి కబురు పెట్టేవాడు. నాకు కోల్చిసిన్ మొదలైంది. రోజుకి ఒక మాత్ర. కడుపు నొప్పులు నెలనెలా వచ్చేవి కాస్తా ఏడాదికి రెండో మూడో అయ్యాయి.

ఇక్కడితో అయిపోతే ఇది ఊళ్ళో అందరి కథే అయ్యేది.

మాత్ర మొదలైన ఏడాదికే నాకు జ్వరాలు ఎక్కువయ్యాయి. నెలకొకటి, ఒక్కోసారి రెండు. మన జబ్బు అని తేలాక ఇంక ఏ జ్వరం వచ్చినా మన జబ్బే కదా. మాత్ర పెంచారు. విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గించారు. మళ్ళీ పెంచారు. రాజధానిలో పెద్ద డాక్టర్లకి చూపిస్తే, వాళ్ళు ఇచ్చిన ఉత్తరంలో చివరి వాక్యం ఇది: "తల్లి మాత్రలు క్రమంగా ఇవ్వడం లేదని అనుమానం."

అమ్మ ఆ ఉత్తరాన్ని రైల్లో చదివింది. దిగగానే వెళ్ళి దాన్ని వార్సెనిక్ డాక్టరమ్మ బల్ల మీద పెట్టొచ్చింది.

మూడో రోజు ఆవిడ మా ఇంటికొచ్చింది. టీ తాగుతూ, మాటల మధ్యలో అన్నట్టుగా, "మాత్రల సీసా ఏదమ్మా, ఒకసారి చూపించు" అంది. మందు ఏ రోజు ఇచ్చిందో ఆవిడ పుస్తకంలో ఉంది. బల్ల మీద గుడ్డ పరిచి మాత్రలు పోసి ఒక్కొక్కటే వేలితో పక్కకి జరిపింది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి చూస్తూ ఉంది. సరిగ్గా ఉండాల్సినన్ని ఉన్నాయి.

"లెక్క సరిపోయిందా డాక్టరమ్మా?" అంది అమ్మ.

ఆవిడ మాత్రలన్నీ సీసాలో పోసి మూత పెట్టింది. "సరిపోయింది. వాళ్ళు నిన్ను నమ్మలేదంటే, వాళ్ళు నిన్నెరగరు. నేను ఎరిగుండీ లెక్కపెట్టాను. తప్పు చేశాను క్నారిక్, నన్ను క్షమించు."

అమ్మ ఏడ్చింది. నానమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇక్కడ లెక్కపెట్టడం అయిపోతే, పిల్లకి జ్వరం ఎందుకొస్తోందో అది లెక్కపెట్టు వార్సెనిక్. ఆ చదువు చదివావుగా!"

నేను అప్పటికి మూడు రోజులుగా జ్వరంతో మంచం మీద ఉన్నాను. ఏడేళ్ళు నాకు. డాక్టరమ్మ నా పక్కకొచ్చి కూర్చుని, దుప్పటి కింద చెయ్యిపెట్టి కడుపు చూడబోయింది. నేను చెయ్యి తోసేశాను.

"కడుపు ఎందుకు చూస్తారు? ఇది కడుపు జ్వరం కాదు."

"మరేం జ్వరం బంగారం?"

"నోటి జ్వరం."

"అవి రెండా?"

"రెండే. కడుపు జ్వరం చెప్పకుండా వస్తుంది, తొందరగా పోతుంది. నోటి జ్వరం అయిదు రోజులుంటుంది. నోట్లో పుండ్లు తెస్తుంది. మెడ కింద ఉండలు తెస్తుంది. అమ్మకి ఎన్నోసార్లు చెప్పాను."

అమ్మ తెల్లబోయింది. నిజమే, చెప్పాను. పుండ్లు ఏ పిల్లలకి రావు, గొంతు ఏ పిల్లలకి వాచదు అనుకున్నారు అందరూ. డాక్టరమ్మ నా నోరు తెరిపించి చూసింది. లోపెదవి మీద రెండు తెల్ల పుండ్లు, గొంతులో తెల్ల పూత, దవడ కింద రెండు వైపులా ఉండలు. తర్వాత మా నాన్న గీతలు గీసుకునే పెన్సిళ్ళు రెండు అడిగి తీసుకుంది, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. గోడ మీది కేలండరు దించి నా ఒళ్ళో పెట్టింది.

"కడుపు జ్వరానికి ఎరుపు. నోటి జ్వరానికి నీలం. ఎవరూ పెట్టకూడదు, నువ్వే పెట్టాలి. ఏది ఏ జ్వరమో నీకే తెలుసు."

ఆ నెలల్లో అనిపించినంత గొప్పగా నాకు మరెప్పుడూ అనిపించలేదు. పెద్దవాళ్ళు నా దగ్గరికొచ్చి "ఇవాళ ఏ రంగు తల్లీ?" అని అడిగేవాళ్ళు. ఎర్ర గుర్తులు చెదురుమదురుగా పడ్డాయి, ఒకటిన్నర రోజు, రెండు రోజులు. నీలం గుర్తులు మాత్రం తోరణం కట్టినట్టు పడ్డాయి. అయిదు రోజులు, మళ్ళీ ఇరవైఎనిమిదో రోజున మొదలు. ఒక్కోసారి ఇరవైఏడు, ఇరవైతొమ్మిది. గొంతు పరీక్షలో ఏ క్రిమీ లేదు.

భూకంపం తర్వాత సాయానికొచ్చిన ఫ్రెంచి డాక్టర్లు వెళ్ళేటప్పుడు ఒక పెట్టెడు వైద్య పత్రికలు వదిలిపోయారు. డాక్టరమ్మ వాటిని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేది. అందులో దొరికింది. నోటి పుండ్లు, గొంతు, మెడ బిళ్ళలు, గడియారం పెట్టినట్టు వచ్చే జ్వరం. పేరు పెట్టి పదేళ్ళు కూడా కాలేదు. అదీ మన జబ్బు జాతిదే, క్రిమి లేని మంటే. కానీ వేరే జబ్బు. దానికి కోల్చిసిన్ సరిగా పనిచెయ్యదు. మొదటి గంటల్లో స్టెరాయిడ్ ఒక్క మోతాదు ఇస్తే పోతుంది. మన జబ్బుకి ఆ స్టెరాయిడ్ ఏమీ చెయ్యదు. రెండూ ఒకే పిల్లలో కలిసుంటే, ఒకదాని కింద ఇంకొకటి దాక్కుంటుంది.

శరదృతువులో నన్నూ, కేలండర్నీ వెంటబెట్టుకుని యెరెవాన్‌లో పిల్లల డాక్టర్ల సమావేశానికి వెళ్ళింది. ఆ రోజు ఉన్నికోటు వేసుకోలేదు. కేలండరు గోడకి తగిలించి చెప్పింది. ముందు వరసలో ఒక ప్రొఫెసరు నవ్వాడు.

"ఈ దేశంలో పిల్లకి మాటిమాటికీ జ్వరం వస్తే ఒక్కటే జబ్బమ్మా. దానికే మందు దొరక్క చస్తున్నాం. మీరు ఒకే పిల్లకి రెండంటారు. రంగు పెన్సిళ్ళతో!"

అందరూ నవ్వారు. నేను చివరి కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాను, నాకూ నవ్వొచ్చింది.

ఆవిడ మా ఊరిదాయె, నవ్వితే తగ్గే రకం కాదు. "అయ్యా, మన జబ్బు ఎప్పుడొస్తుందో మీరెప్పుడైనా ముందే చెప్పగలిగారా? ఈ పిల్లకి వచ్చే జ్వరం నవంబరు పద్నాలుగున, గురువారం. ఒక రోజు అటూ ఇటూ. ఎవరైనా వచ్చి చూడొచ్చు. టీ నేనిస్తాను, కట్టెలు మీరు తెచ్చుకోండి."

ప్రొఫెసరు రాలేదు. ఆయన దగ్గర పనిచేసే హెర్మినె అనే కుర్ర డాక్టరమ్మ వచ్చింది, పదమూడు సాయంత్రం రైల్లో, సంచీ నిండా పండిన పెర్సిమన్ పళ్ళతో. మర్నాడు పొద్దున్నించి ఇద్దరు డాక్టర్లూ మా ఇంట్లో నా ఎదురుగా కూర్చున్నారు. బడికి పంపలేదు. పొద్దున జ్వరం లేదు. మధ్యాహ్నం లేదు. నేను బొమ్మకి జడ వేస్తున్నాను.

"అలా పిల్ల మొహంలోకి గుడ్లప్పగించి చూస్తుంటే జ్వరమైనా సిగ్గుపడి రాదు" అంది నానమ్మ. "కాస్త పక్కకి తిరగండమ్మా!"

మూడు గంటలకి "పెదవి మండుతోంది" అన్నాను. థర్మామీటరు ముప్పైతొమ్మిది డిగ్రీల సెల్సియస్ దాటింది. వార్సెనిక్ డాక్టరమ్మ రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టేసింది. కొట్టి, తనే ఉలిక్కిపడి, నా చెంపలు పట్టుకుంది. "పాపిష్టిదాన్ని! నీకు జ్వరం వచ్చిందని సంతోషపడ్డ డాక్టరు ఈ భూమ్మీద నేనొక్కదాన్నే ఉంటాను, నజేలి జాన్, నా ప్రాణమా."

రక్తం తీసుకున్నారు. మందు ఇచ్చారు. అయిదు రోజులు ఉండాల్సిన జ్వరం సాయంత్రం పొయ్యిలో కట్టెలు మార్చేలోపు దిగిపోయింది. నేను వేయించిన బంగాళాదుంపలు అడిగాను. హెర్మినె నా నుదురు మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసింది. "నేను ఇలాంటి పిల్లల్ని చూశాను" అంది మెల్లగా. "కనీసం ఇద్దర్ని. వాళ్ళ అమ్మలకీ అదే ఉత్తరం రాసిచ్చాం." తర్వాత నెలలో ప్రొఫెసరు దగ్గర్నుంచి డాక్టరమ్మకి రెండు వరసల చీటీ వచ్చింది. ఇద్దరు పిల్లల పేర్లు, కింద "వీళ్ళనీ దయచేసి చూడండి" అని.

కానీ కథ అంత సాఫీగా నడవలేదు. స్టెరాయిడ్ ఇచ్చిన ప్రతిసారీ జ్వరం మాయమయ్యేది, అయితే మళ్ళీ తొందరగా వచ్చేది. ఇరవైఎనిమిది రోజులు ఇరవైరెండయ్యాయి. పంతొమ్మిది అయ్యాయి. చలికాలం ముగిసేసరికి పక్షానికొకసారి. నా మొహం ఉబ్బింది. "తరిమితే ఇంకా ఎగబడుతోందే ఇది!" అని నానమ్మ తిట్టింది. ఆ పత్రికల్లో దీనికీ ఒక దారి రాసుంది. గొంతులో టాన్సిల్స్ తీసేస్తే చాలామంది పిల్లలకి ఆ జ్వరం ఆగిపోతుంది. అందరికీ కాదు.

కొయ్యడం. ఆ మాట చెప్పడానికి డాక్టరమ్మ మా ఇంటికి మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ చెప్పకుండా వెళ్ళింది. నాలుగోసారి ఒక ఆదివారం వచ్చి, కోటు విప్పకుండానే చెప్పేసింది.

అమ్మ ఒప్పుకోలేదు. "నాలుగేళ్ళప్పుడు కత్తి కిందనుంచి మీరే లాక్కొచ్చారు. ఇప్పుడు మీరే పడుకోబెట్టమంటారా?"

అప్పుడు చెప్పింది జావెన్ గురించి. అన్నకి పదేళ్ళప్పుడు అపెండిక్స్ అని కోశారు. ఏమీ దొరకలేదు. పదమూడేళ్ళప్పుడు పేగు మెలిక అని కోశారు. ఏమీ లేదు. పదహారులో పిత్తాశయం అన్నారు. పరీక్షల రోజుల్లోనే కడుపు నొప్పి వస్తోందని బళ్ళో నాటకాలరాయుడు అని పేరు పెట్టారు. "నేనూ అనేదాన్ని" అంది డాక్టరమ్మ. "వాడి మంచం పక్కన నిలబడి, లేవరా నటుడా అనేదాన్ని. పంతొమ్మిదో ఏట కాళ్ళు వాచాయి. మూత్రం పాలలా విరిగింది. రెండేళ్ళలో పోయాడు. స్నానం చేయించినప్పుడు చూశాను, పొట్ట మీద మూడు గాట్లు. ఒక్కటీ అవసరం లేదు. అప్పుడనుకున్నాను క్నారిక్, నా చేతిలో ఉన్నంతవరకూ ఊరికే ఏ పిల్లనీ కొయ్యనివ్వనని. డాక్టరునయ్యాక ముప్పైమూడేళ్ళు అలాగే బతికాను. ఇప్పుడు కొయ్యమని చెప్పడానికి నాకెంత భయంగా ఉందో నీకు తెలీదు. కానీ ఇది ఊరికే కాదు. ఊరికే అయితే నేను చెప్పను."

అమ్మ లేచి ఆవిడ కోటు అందుకుని, "మీరు లోపల ఉంటారా?" అంది.

"కాళ్ళు పట్టుకుని కూర్చుంటాను."

అలాగే కూర్చుంది. ఏప్రిల్‌లో, ఎనిమిదేళ్ళు నిండే ముందు. మత్తు ఎక్కేదాకా నా పాదాలు రెండూ ఆవిడ చేతుల్లో ఉన్నాయి. ఆ వేళ్ళ వెచ్చదనం తర్వాత మరేదీ గుర్తులేదు. మెలకువొచ్చాక గొంతులో ముళ్ళు, పెదవి మీద ఐస్‌క్రీమ్. నాన్న ఎక్కణ్ణుంచి తెచ్చాడో, సగం కరిగిపోయింది.

పదిహేనో రోజున మా ఇంటికి జనం రావడం మొదలైంది. ఒకావిడ ఉప్పు అప్పు కావాలంది. పక్కింటాయన సుత్తి తిరిగిచ్చే నెపంతో వచ్చి కూర్చుండిపోయాడు. డాక్టరమ్మ "ఇటుగా వెళ్తూ" వచ్చింది; ఆవిడ ఇల్లు ఊరికి అటు చివర. ఎవరూ జ్వరం మాట ఎత్తలేదు. అందరూ నన్నే చూస్తూ మల్బరీ వరుగు నమిలారు. చీకటి పడ్డాక ఒక్కొక్కరే లేచారు. ఇరవైఎనిమిదో రోజునా అదే తంతు. యాభైఆరో రోజుకి నీలం పెన్సిలు నాన్న పట్టుకుపోయి రాళ్ళ మీద గీతలు గీసుకున్నాడు. ఎర్ర గుర్తులు మాత్రం ఏడాదికి ఒకటో రెండో పడుతూనే ఉన్నాయి. తర్వాత జన్యు పరీక్షలు వచ్చాయి. మన జబ్బు తాలూకు మార్పులు రెండు తేలాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి.

ఇంకొక్క సంగతి చెప్పాలి, నాకు సిగ్గయినా సరే. పద్నాలుగేళ్ళప్పుడు నేను మాత్రలు మానేశాను. స్నేహితురాళ్ళ ముందు మాత్ర మింగడం నామోషీ. జబ్బు లేదు కదా అనుకున్నాను. మూడు నెలలు చెత్తబుట్టలో వేశాను. బడి ఉత్సవంలో నాట్యం మధ్యలో మడమ వాచి పడిపోయాను. డాక్టరమ్మ వచ్చి చూసింది. ఏడేళ్ళ క్రితం లెక్కపెట్టినట్టు ఈసారి సీసా అడగలేదు. అందర్నీ బయటికి పంపి తలుపు వేసింది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు."

తిడుతుందనుకున్నాను. గొంతు తగ్గించి, "విసుగొచ్చిందా?" అంది.

"ఊఁ."

"రాకేం చేస్తుంది. రోజూ వేసుకోవాలంటే నాకే విసుగు. నాకూ మన జబ్బే, ముప్పైఅయిదో ఏట మొదలైంది. రొమ్ములో వస్తుంది. మీ అమ్మకి చెప్పకు, డాక్టరే జబ్బుమనిషంటే జనం భయపడతారు." కోటు జేబులోంచి చిన్న డబ్బీ తీసి చూపించింది. తర్వాత గాజుగొట్టం తెప్పించింది. నా మూత్రం కాచింది. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. తేటగానే ఉంది. ఆ రోజు "శభాష్" అనలేదు. కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది చూశాక నేను ఒక్క రోజు కూడా మానలేదు.

రెండువేల ఆరులో ఉద్యోగం విరమించింది. మా పేటవాళ్ళం ఒక బడి భోజనశాలలో విందు చేశాం. రాళ్ళ పనివాళ్ళ పెద్ద ఒకాయన, నోరు తెరిస్తే నవ్వించే మనిషి, గ్లాసు పట్టుకుని లేచాడు. "ఆవిడకి పొగడ్తలంటే పడదు. అందుకని ఒక పని చేద్దాం. మన జబ్బుండి, పొట్ట మీద గాటు లేనివాళ్ళంతా లేచి నిలబడండి!" కుర్చీలు కిర్రుమన్నాయి. చూస్తుండగానే కుర్రకారు దాదాపు మొత్తం నిలబడింది. డాక్టరమ్మ మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూసింది. చివరికి, "చాలు, కూర్చోండి, సూపు చల్లారిపోతోంది" అంది.

ఆ తర్వాత ఆవిడకి అయిదో అంతస్తులో ఫ్లాటు ఇచ్చారు. వేడినీళ్ళు, కరెంటు, అన్నీ ఉన్నాయి. కానీ "ఇంత ఎత్తున ఎవరొచ్చి తలుపు తడతారే?" అని గొణిగేది. నేను లెక్కల టీచరునయ్యాక ఆదివారాలు వెళ్ళేదాన్ని. హెర్మినె కూడా వచ్చేది, నడి వయసుకొచ్చి, మన జబ్బుకి తోడు వెన్ను వాపు ఉన్న పిల్లల గురించీ, కంటి మంట ఉన్న పిల్లల గురించీ అడగడానికి. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నేను టీ పోసేదాన్ని. ముసలావిడ ప్రతి పిల్ల గురించీ ముందు ఒకటే అడిగేది: "ఆ పిల్ల ఏమంటోంది?"

రెండువేల పన్నెండు మార్చిలో నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. మంచు పడుతుంటే శవపేటికని అయిదు అంతస్తులూ దించడానికి మగవాళ్ళు వంతులేసుకున్నారు. మా నాన్న ఆవిడ సమాధి రాయి చెక్కాడు, మా ఊరి నల్లరాయి. పేరూ, పుట్టిన, పోయిన సంవత్సరాలూ తప్ప ఏమీ చెక్కవద్దని ముందే చెప్పిందట.

ఇప్పుడు ఆ రేకుల గదులు లేవు. చివరివి కూడా లారీల్లో ఎత్తుకుపోయారు. ఆవిడ గది ఉన్న చోట కార్లు ఆపుతున్నారు. బడి నుంచి వచ్చేటప్పుడు నేను ఆ మూల మీదుగానే నడుస్తాను. కట్టెల పొగ, స్పిరిటు, వెనిగర్ కలిసిన ఆ వాసన అక్కడ ఎప్పుడో పోయింది. నా పక్కన నడిచే కూతురికి అయిదేళ్ళు. ఇంతవరకూ జ్వరమేమీ లేదు. వస్తే ఎవరిని అడగాలో నాకు తెలుసు. ముందు దాన్నే అడుగుతాను.